డల్సిమర్‌కి శ్రుతి పెట్టడం ఎలాగండీ?

మా అమ్మాయి దగ్గర టెనెసీలో ఉన్న రోజుల్లో డల్సిమర్ అనే కొండవాళ్ల వాయిద్యం నేర్చుకున్నానని పోయిన సంచికలో ఒక ముక్క రాశాను. ఒక్క ముక్కే. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే, అమెరికాలో మనవాళ్ల ఇళ్లల్లో మూలన పడున్న డల్సిమర్లు ఇన్నున్నాయా అనిపించింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. వీణ, వయొలిన్ ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: టీచర్ గారూ, మేముండేది కెంటకీలో. ఎవరో ఇల్లు మారుతూ పాత సామాను అమ్ముతుంటే మావారు ఒక వాయిద్యం కొనుక్కొచ్చారు. పొడుగ్గా, నడుం దగ్గర సన్నగా, నాలుగు తీగలతో ఉంది. డల్సిమర్ అన్నారట. వీడియోల్లో వెతికితే బల్లంత పెట్టె మీద రెండు పుల్లలతో కొడుతున్నారు. మాది ఏది? దీనికి శ్రుతి ఎలా పెట్టాలి? చిన్నప్పుడు గీతాలదాకా గాత్రం నేర్చుకున్నాను, అంతే. – ఒక పాఠకురాలు

అమ్మా, పుల్లలతో కొట్టేది హామర్డ్ డల్సిమర్. అది మన సంతూర్‌కి చుట్టం. మీ ఇంటికొచ్చింది మౌంటెన్ డల్సిమర్, అపలాచియన్ డల్సిమర్ అని కూడా అంటారు. ఒకే ఇంటిపేరున్న రెండు వేరే కుటుంబాలనుకోండి. దీని పూర్వీకులు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చుకున్న సన్నటి పెట్టెవాయిద్యాలని చెబుతారు. మీరున్న కెంటకీ, పక్కన టెనెసీ, వర్జీనియా, నార్త్ కరొలైనా కొండలే దీని పుట్టిల్లు. కాబట్టి మీవారు కొన్నది సరైన చోటే కొన్నారు.

ముందు ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టుకోండి. తీగలు బిగించే బిరడాలు ఎడమచేతి వైపు. మీ పొట్టవైపు రెండు తీగలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆ జంటని ఒకే తీగ కింద లెక్కేసుకోవాలి, రెంటికీ ఒకటే స్వరం. పాటంతా నడిచేది దాని మీదే. అందుకని నేను దాన్ని వీణలో లాగా సారణి అనే పిలుస్తాను. మధ్యదాన్ని పంచమం అంటాను, మీకు దూరంగా ఉన్న లావు తీగని మంద్రం అంటాను. ఇవి వాళ్ల పేర్లు కావు, నా సౌకర్యం కోసం.

తీగలు తుప్పు పట్టి ఉంటే శ్రుతి సంగతి తర్వాత, ముందు మార్చేయండి. తీగ మోగే పొడుగు మొత్తం కొలవండి, బిరడాల పక్కన తీగలు ఆనే మేరువు నుంచి, కుడి కొసన అవి ఆనే గుర్రం దాకా. అది 27 అంగుళాల అటూఇటూ ఉంటే సారణికి 12, పంచమానికి 14, మంద్రానికి చుట్టు ఉన్న 22 నంబరు తీగ సరిపోతాయి. ఆ నంబర్లు అంగుళంలో వెయ్యో వంతులు. తీగ కొసన ఉచ్చు ఉండాలా, చిన్న గుండు ఉండాలా అనేది మీ వాయిద్యం తోక దగ్గర చూస్తే తెలిసిపోతుంది.

ఇక శ్రుతి. మంద్రం ‘డి’. మనవాళ్ల లెక్కలో రెండు శ్రుతి, అందులోనూ మగవాళ్లు పాడే స్థాయి షడ్జం, అంటే ‘స’. శ్రుతిపెట్టె గానీ ఫోన్‌లో ట్యూనర్ గానీ పెట్టుకుని మంద్రాన్ని అక్కడికి తెచ్చుకోండి. తెచ్చాక ట్యూనర్ పక్కన పడేయండి. తీగల కింద అడ్డంగా ఉన్న సన్న కడ్డీలే మెట్లు; ఇప్పుడు బిరడాల వైపు నుంచి లెక్కపెట్టి మంద్రం మీద నాలుగో మెట్టు నొక్కి మీటండి. ‘ప’ పలుకుతుంది. మధ్య తీగని దానికి కలపండి. ఆ మధ్య తీగ మీద మూడో మెట్టు నొక్కితే పై షడ్జం వస్తుంది. సారణి జంటని దానికి కలపండి. స–ప–స అయింది కదా? దీన్నే వాళ్లు డి-ఏ-డి అంటారు. మొత్తం అయ్యాక మళ్లీ మంద్రం దగ్గరికి రండి. ఈలోపు అది కాస్త దిగి ఉంటుంది, తీగలన్నీ బిగిసేసరికి చెక్క వంగుతుంది మరి. రెండు మూడు ప్రదక్షిణాలు చేయక తప్పదు.

పంచమం కలిపేటప్పుడు మెట్టు మీంచి చెయ్యి తీసేసి, మంద్రాన్నీ పంచమాన్నీ ఖాళీగా కలిపి మోగించి వినండి. సరిగ్గా కలవకపోతే నాదంలో ఒక అల లేస్తుంది, వా... వా... అని. కలిసే కొద్దీ అల నెమ్మదిస్తుంది. చివరికి నిలబడిపోతుంది. ట్యూనర్ పచ్చలైటు చూపించిన చోట ఆపేస్తే సుమారు రెండు సెకన్లకో అల మిగిలే ఉంటుంది, ఎందుకంటే ట్యూనర్‌కి తెలిసింది పియానో పంచమం. అది అసలు పంచమం కన్నా వెంట్రుకవాసి తక్కువ. మీరు గీతాలదాకా పాడినవారు, తంబూరా విన్న చెవి మీది. ఆ వెంట్రుకవాసి మీకు తెలుస్తుంది. బిరడాని అలా ముట్టుకుని వదలండి చాలు.

ట్యూనర్ మీద నాకింత కోపం ఎందుకో చెప్పాలి. నేర్చుకున్న మొదటి వారం సారణి ‘డి’లో ఉంది, పాఠానికి ‘ఏ’ కావాలన్నారు. దించాలి. నేను బిగించాను. ముప్ఫై ఏళ్లు వీణ నేర్పినదాన్ని, చెవితో వినకుండా ఆ చిన్న తెర వైపే చూస్తున్నాను. ఈ అంది, ఎఫ్ అంది, జి అంది. ఇంకొక్క స్వరమే కదా అనుకున్నాను. టప్పుమంది. తీగ కొస లేచి బొటనవేలి మీద ఎర్రగా గీత గీసింది. చాలా ట్యూనర్లు స్వరం పేరు చెబుతాయి గానీ ఏ స్థాయిలోదో పెద్దగా చూపించవు. అందుకని ఏ తీగ తిప్పబోయినా ముందు ఆ స్వరం నోటితో అనుకోండి. తీగ మీ గొంతు కన్నా కిందుందా పైనుందా అని చూసి అప్పుడు బిరడా పట్టుకోండి.

ప్రశ్న: నమస్కారం. నాకు కొద్దిగా వీణ వచ్చు. డల్సిమర్ మీద మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు వాయిద్దామంటే రిషభమే దొరకడం లేదు. మెట్ల మధ్య ఖాళీలు కొన్నిచోట్ల వెడల్పు, కొన్నిచోట్ల ఇరుకు. ఆరుకీ ఏడుకీ మధ్య ఇంకో మెట్టు ఉంది, దాన్ని ఆరున్నర అంటున్నారు. ఇదంతా ఏమిటి? వాయిద్యం లోపమా? – ఒక పాఠకుడు

లోపం కాదు బాబూ, స్వభావం. నేనూ మొదటి రోజు అదే పని చేసి బోల్తాపడ్డాను. చెయ్యి తనంతట తనే మాయామాళవగౌళకి పోయింది!

వీణ మీద స్థాయికి, అంటే స నుంచి పై స దాకా, పన్నెండు మెట్లు, పన్నెండు స్వరస్థానాలూ ఉంటాయి. డల్సిమర్ మీద స్థాయికి ఏడే. రెండు వెడల్పు ఖాళీలు, ఒక ఇరుకు, మళ్లీ రెండు వెడల్పు, ఒక ఇరుకు, చివర ఒక వెడల్పు. మెట్లు లెక్కపెడితే రెండుకీ మూడుకీ మధ్య ఇరుకు, అయిదుకీ ఆరుకీ మధ్య ఇరుకు. డి-ఏ-డిలో ఖాళీ తీగని షడ్జం చేసుకుంటే మీకు వరసగా వచ్చేది చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. ఏమిటిది? హరికాంభోజి! పాశ్చాత్యులు మిక్సోలిడియన్ అంటారు. ఆరున్నర మెట్టు తర్వాతి రోజుల్లో కలిపింది, అది కాకలి నిషాదం. ఆరు బదులు ఆరున్నర వేస్తే ధీరశంకరాభరణం అయిపోతుంది. మీ సరళీ స్వరాలు అందులో వాయించుకోండి: సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరున్నర, ఏడు. మాయామాళవగౌళ మాత్రం మెట్ల మీద దొరకదు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా దొరకదు. వెతికి వెతికి చెబుతున్నాను.

మరి ఆరున్నర మెట్టు లేని పాతకాలంలో శంకరాభరణం ఎలా? ఇక్కడే ఈ వాయిద్యం నాకు నచ్చేసింది. మెట్టు జరపలేరు కాబట్టి వాళ్లు సారణి శ్రుతి మార్చేవారు. షడ్జాన్ని వేరే స్వరం మీదికి జరిపి కొత్త రాగం పుట్టించే మన గ్రహభేదమే, కాగితం మీద కాకుండా బిరడా మీద. మంద్రం, పంచమం అలాగే ఉంటాయి, ‘డి’ షడ్జం కదలదు. సారణిని ‘ఏ’కి దించితే షడ్జం మూడో మెట్టు మీదికి వెళుతుంది, అక్కణ్ణుంచి పదో మెట్టుదాకా శంకరాభరణం. ‘జి’కి దించితే షడ్జం నాలుగో మెట్టు, ఖరహరప్రియ. ‘సి’కి, అంటే ఒక్క స్వరం దించితే షడ్జం ఒకటో మెట్టు, నటభైరవి. సారణిని ‘డి’ నుంచి ‘సి’కి దించి, ఒకటో మెట్టు నుంచి ఎనిమిదో మెట్టుదాకా మెల్లగా వాయించి చూడండి. అదే చెక్క, అవే మెట్లు, ఒక్క బిరడా పావు తిప్పు. గది మొత్తం మబ్బు పట్టినట్టయిపోతుంది.

అసలైతే మీరు ఏడు స్వరాల మేళాలు కాదు, అయిదు స్వరాల ఔడవ రాగాలతో మొదలుపెట్టాలి. డి-ఏ-డిలో సున్నా, ఒకటి, రెండు, నాలుగు, అయిదు, ఏడు: మోహనం. రెండు మానేసి మూడు వేస్తే శుద్ధసావేరి. సున్నా, ఒకటి, మూడు, నాలుగు, ఆరు, ఏడు: మధ్యమావతి. ఆరున్నర ఉంటే హంసధ్వని కూడా ఉంది. ఈ రాగాలు ఈ చెక్క మీద హాయిగా కూర్చోవడానికి కారణం ఉంది. ఇంగ్లండ్ నుంచి సెసిల్ షార్ప్ అనే ఆయన 1916–18 మధ్య ఆ కొండల్లో తిరిగి వందల పాటలు రాసుకున్నాడు. వాటిలో చాలా వాటికి అయిదే స్వరాలు. మొదటిసారి అలాంటి పాటొకటి మా టీచరమ్మ వాయిస్తుంటే నేను పక్కనుండి మోహనం స్వరాలు అనేశాను. ఆవిడ ఆపి, ఇదేం భాష అనడిగింది.

హిందోళం కావాలంటే నటభైరవి శ్రుతిలో ఒకటి, మూడు, నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది మెట్లు. కానీ ఆ రాగంలో పంచమం లేదు కదా, మధ్య తీగ ‘ప’ అని మోగుతుంటే పెళ్లిలో శోకంలా ఉంటుంది. దాన్ని కూడా ఒక స్వరం దించి మధ్యమం చేసుకోండి.

గమకం, అంటే స్వరాన్ని ఊపడం, ఆశించకండి. తీగ పక్కకి లాగితే కొంచెం కదులుతుంది, జారు బాగా పలుకుతుంది, అంతే. మధ్యమావతి నిషాదాన్ని ఊపాలని నేను మూడు వారాలు కుస్తీ పట్టి మానేశాను. ఊపితే రాగమూ రాలేదు, వాయిద్యమూ పలకలేదు.

ప్రశ్న: మేడమ్, నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. చూపుడువేలు కాయ కాసింది. అయినా సగం స్వరాలు జీరగా వస్తున్నాయి, కొన్ని అసలు మోగవు. ఇంకా గట్టిగా నొక్కాలా? క్లాసుకి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంటోంది. – నార్త్ కరొలైనా నుంచి ఒక పాఠకురాలు

గట్టిగా కాదమ్మా, సరైన చోట. రెండు మెట్ల మధ్యలో నొక్కుతున్నారు మీరు, ఉత్తరం చదువుతుంటేనే నాకు కనిపిస్తోంది. మెట్టుకి ఆనుకుని, దాని ఎడమపక్కనే వేలు పడాలి, మెట్టు మీద కాదు. ఒక పరీక్ష చేయండి. మూడో మెట్టు దగ్గర వేలు తీగ మీద ఊరికే ఆనించి మీటుతూ, కొంచెం కొంచెంగా బరువు పెంచండి. జీర పోయి స్వరం తేరుకునే క్షణం ఒకటి వస్తుంది. ఆ బరువే కావలసింది. ఇన్నాళ్లూ అంతకి మూడింతలు నొక్కుతూ వచ్చారని మీకే తెలుస్తుంది.

రెండో దారి, పాత దారి, వేలే వాడకపోవడం. నోటర్ అని చిన్న కర్రముక్క ఉంటుంది, మన వేలంత పొడుగు, సుద్దముక్క కన్నా కొంచెం లావు. గట్టి చెక్కయినా, వెదురైనా సరే. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద వచ్చేలా పట్టుకుని, చూపుడువేలి కొస మెట్లపలక అంచుకి ఆనించాలి. ఆ అంచే పట్టాలు, కర్ర దాని వెంట జారుతుంది. సారణి జంట మీదే నొక్కాలి, మిగతా తీగలు వాటి మానాన అవి స–ప అని మోగుతూ ఉంటాయి. తంబూరా వేసేవాళ్లు విడిగా అక్కర్లేదు, ఒక్కరే పాట, ఒక్కరే శ్రుతి. కర్ర జారుతుంటే తీగ మీద చిన్న చర్రుమన్న చప్పుడు వస్తుంది. మీ క్లాసులో ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి, ఆ చప్పుడు ఈ వాయిద్యానికి పుట్టుమచ్చ లాంటిది.

జానపద గాయని జీన్ రిచీ రికార్డింగులు దొరికితే వినండి. కెంటకీలో వైపర్ అనే పల్లెలో 1922లో పుట్టింది, పద్నాలుగు మంది పిల్లల్లో ఆఖరిది. 2015లో పోయింది. వాళ్ల నాన్న డల్సిమర్‌ని పిల్లలెవరూ ముట్టుకోకూడదంటే, నాలుగైదేళ్లప్పుడే దొంగతనంగా తీసి వాయించిందట. తర్వాత న్యూయార్క్ వెళ్లి ఈ వాయిద్యాన్ని కొండల అవతల జనానికి పరిచయం చేసింది ఎక్కువగా ఆవిడే. వినేటప్పుడు ఎడమచెయ్యి సంగతి వదిలేసి, కుడిచెయ్యి ఎంత తక్కువ పని చేస్తుందో చూడండి. అదే మీ క్లాసు టెన్షన్‌కి మందు.

కుడిచెయ్యి అన్నాను కాబట్టి: మీటేది కుడి కొసన మెట్లపలక గుంటగా తవ్వి ఉన్న చోట. పూర్వం బాతు ఈక కాడతోనో టర్కీ ఈక కాడతోనో మీటేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పిక్. పలచనిది కొనండి. తీగలన్నిటి మీదుగా అవతలికి ఒక తోపు, ఆ తర్వాత సగం కాలంలో ఇవతలికీ అవతలికీ. వాళ్లు బమ్-డిడ్డీ అంటారు. మనకి తాం–తక, తాం–తక. ఎడమచేత్తో ఏమీ నొక్కకుండా పది నిమిషాలు తాం–తక వేయండి. ఇంట్లోవాళ్లు ఇక ఆపమనేదాకా వేయండి.

ప్రశ్న: మా డల్సిమర్‌కి చెక్క బిరడాలే ఉన్నాయి. శ్రుతి పెట్టి చెయ్యి తీసేలోగా గిర్రున వెనక్కి తిరిగిపోతున్నాయి. – ఒక పాఠకుడు

తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పాలి. ఊరికే తిప్పితే ఉండదు. అయినా జారితే బిరడా బయటికి లాగి, కన్నంలో రాసుకునే భాగానికి సుద్దముక్క రుద్దండి. బిగుసుకుపోయి అసలు తిరక్కపోతే పొడి సబ్బు కొంచెం. రెండూ కలిసిన పేస్టులు వయొలిన్ సామాన్ల దగ్గర దొరుకుతాయి. నూనె మాత్రం వద్దు.

ప్రశ్న: ఖాళీ తీగలు చక్కగా కలుస్తాయి. కానీ పై మెట్ల మీదికి వెళ్లేకొద్దీ అపశ్రుతి. మెట్లు తప్పుగా వేశారంటారా? – ఒక పాఠకురాలు

మెట్ల మీద నింద వేసే ముందు గుర్రాన్ని చూడండి. చాలా డల్సిమర్లకి గుర్రం అంటించి ఉండదు, తీగల బరువుకే నిలబడి ఉంటుంది. తీగలన్నీ ఒకేసారి విప్పి మార్చి ఉంటే అది కదిలిపోయి ఉంటుంది. ఇకమీదట ఒక్కొక్కటే మార్చండి.

సరిచేయడం ఇలా. ఏడో మెట్టు సరిగ్గా తీగ సగానికి ఉండాలి. అక్కడ వేలు తీగకి తాకీ తాకకుండా పెట్టి మీటి వెంటనే తీసేయండి, గంటలాంటి పై స్వరం వస్తుంది. తర్వాత అదే మెట్టు మామూలుగా నొక్కి మీటండి. రెండూ ఒకటే అయితే గుర్రం సరైన చోటే ఉంది. నొక్కింది ఎక్కువ పలికితే గుర్రాన్ని తోకవైపు జరపండి, తక్కువైతే బిరడాలవైపు. జరపడం అంటే ఒక మిల్లీమీటరు, అదీ తీగలు కాస్త వదులు చేసి. మళ్లీ శ్రుతి పెట్టి మళ్లీ వినాలి. నాకు మొదటిసారి గంటన్నర పట్టింది. కుదిరాక గుర్రం కాళ్ల పక్కన పెన్సిల్‌తో సన్నగా గీత గీసి పెట్టుకున్నాను. మీరూ గీయండి.

చలికాలంలో ఇంట్లో హీటర్ వేస్తే గాలి ఎండిపోయి చెక్క ముడుచుకుంటుంది, పగుళ్లు కూడా వస్తాయి. హీటర్ గాలి వచ్చే చోట పెట్టకండి. వాయించనప్పుడు పెట్టెలో పెట్టడం మంచిది.

ప్రశ్న: మా మనవడికి ఎనిమిదేళ్లు. గిటార్ కొనమంటున్నాడు. అది కష్టం, ముందు డల్సిమర్ నేర్పించమని ఎవరో చెప్పారు. మీరేమంటారు? – ఒక తాతగారు

వాడడిగింది గిటార్. గిటారే కొనివ్వండి. డల్సిమర్ మీరు కొనుక్కుని, వాడు ఇంట్లో ఉన్నప్పుడు వాయించండి. ముట్టుకోవద్దని మాత్రం ఒకటి రెండుసార్లు చెప్పి చూడండి.